ఈస్టరుకు దించిన తలుపు

ఈ ఏడు ఈస్టరుకి ముందు శనివారం నేను మారికుప్పంలో పొద్దున బండి ఎక్కి బెంగళూరుకి పోయాను. మా మేనత్త కూతురు అక్కడ ఒక ఫ్లాటు కొనుక్కుని, అందులో ఆరుగురు కూర్చుని తినే అద్దాల బల్ల ఒకటి వేసుకుంది. పండుగకి దాన్ని సింగారించడానికి నేను వచ్చి తీరాలని వారం ముందునుంచీ ఒకటే ఫోన్లు. "వదినా, గుడ్డ తెల్లది వెయ్యాల్నా, పచ్చదా? పూలు నడిమధ్యన పెట్టాల్నా, పక్కనా?" అని. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, బల్లలు సింగారించే విద్య నాకేం తెలుసు? కానీ ఆమె అడిగేది ఆ విద్య కాదని నాకు తెలుసు. వాళ్ల నాయన పెట్టిన పండుగ బల్ల ఎట్లా ఉండేదో కళ్లారా చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ముగ్గురమే. ఆమెకి అప్పుడు ఆరేళ్లు, ఏమీ గుర్తులేదంటుంది. మా అత్తకి ఎనభై దాటాయి, అన్నీ గుర్తున్నాయి గాని ఆ మాట ఎత్తితే లేచి అవతలికి పోతుంది. ఇక అడగదగ్గ మనిషిని నేనే. ఆ రోజు ఆమెకి సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరి బంగారు గని దొరల చేతినుంచి సర్కారు చేతికి వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. బంగళాల్లో దొరలు పోయి మన ఇంజనీర్లు దిగారు గాని, మేముండే లైను ఇళ్లు మటుకు అట్లాగే ఉన్నాయి. ఒకదానికొకటి అంటించినట్టు వరసగా రేకుల ఇళ్లు, ముందొక గది, వెనక వంటిల్లు, రెండిటి మధ్య ఒక తలుపు. ఎండాకాలం గాలి లేచిందంటే, బంగారం తీసేసిన రాతిపిండి గుట్టల మీదనుంచి తెల్లటి దుమ్ము వచ్చి అన్నంలో పడేది. పక్కింట్లో తుమ్మితే మా ఇంట్లో "చిరంజీవ" అనేవాళ్లం, గోడలు అంత మందం. మా తాత పుంగనూరు పక్క పల్లెలో కరువు పడితే గనికి వచ్చి లోపల దిగినవాడు. ఇరవై ఏళ్లు రాయి తొలిచాడు. ఆ రాతిదుమ్మే ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి, కూర్చుని నిద్రపోయే స్థితికొచ్చి, చివరికి అట్లా కూర్చునే పోయాడు. అప్పటినుంచీ మా అవ్వకి గని అంటే ఒక గుంత, అంతే. మా నాయన్ని లోపల దిగనివ్వలేదు, ఎవరెవరి కాళ్లో పట్టుకుని పైన వర్క్‌షాపులో పని ఇప్పించింది. కొడుకుని కాపాడుకున్నానని ఆమె ఊపిరి పీల్చుకునే లోపల, కూతురు చేజారిపోయింది.

మా అత్త పెళ్లాడినాయన అరవం మాట్లాడే క్రైస్తవుడు. మాకు రెండు వీధుల అవతల లైనులో ఉండేవాడు. గని లోపల సొరంగాల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. మతం వేరని, భాష వేరని మా చుట్టాలు ముక్కు విరిచారు గాని, మా అవ్వ కోపం వాటి మీద కాదు. "ఒగణ్ణి ఆ గుంత తినింది. నా కడుపున పుట్టినదాన్ని తీస్కపోయి మళ్లీ దాని నోటికాడనే నిలబెట్టాల్నా?" అని ఒకే మాట అనింది. పెళ్లికి పోలేదు. ఆ తర్వాత ఏడేళ్లు ఆ ఇంటి గడప తొక్కలేదు, మంచినీళ్లు ముట్టలేదు. ఇద్దరూ ఒకే కొళాయి దగ్గర బిందెలు పట్టుకునేవాళ్లు, ఒకరి బిందె నిండేదాకా ఇంకొకరు కొండల వైపు చూస్తూ నిలబడేవాళ్లు. నేను మాత్రం రోజూ ఆ ఇంటికి పోయి వచ్చేదాన్ని. నా జడలో అత్త పెట్టిన పూలు చూసి కూడా, ఏ చెట్టున కోసుకొచ్చావని అవ్వ అడిగేది కాదు. మా అమ్మ ఊరగాయ జాడీ నా చేతికిచ్చి, "అవ్వకి చెప్పొద్దు" అని అవ్వ ముందరే చెప్పేది.

మా మామకి ఈస్టరు అంటే అంత పిచ్చి ఎందుకో చెప్పాలి. వాళ్లమ్మ దొరల కాలంలో ఒక బంగళాలో ఆయాగా పనిచేసింది. ఈస్టరు మధ్యాహ్నం అక్కడి బల్ల మీద తెల్లగుడ్డ, పూలు, రంగురంగుల గుడ్లు, పిట్టల ఆకారంలో మడిచిన చేతిగుడ్డలు చిన్నప్పుడు వంటింటి సందులోంచి చూశాడట. ఆ బల్ల ముందర కూర్చోవాలని అప్పుడే అనుకున్నాడట. పెళ్లయ్యాక మొదటి ఈస్టరుకి ఇంట్లో బల్ల లేదు. ఉన్నవి రెండు ఇనుప ట్రంకు పెట్టెలు. ఆయన కాసేపు ఇంట్లో నలుమూలలూ చూసి, సుత్తి తెచ్చి, వంటింటి తలుపు బందుల సీలలు కొట్టి, తలుపు దించి ఆ పెట్టెల మీద పరిచాడు. అదే బల్ల. ఆ ఒక్కరోజు వంటింటికి తలుపు బదులు అత్త పాత చీర వేలాడేది. ప్రతి ఏడూ అంతే. గొళ్లెం ఉన్న చోట గుడ్డ కొంచెం ఉబ్బెత్తుగా ఉండేది, దాని మీద ఉప్పు గిన్నె పెట్టేవాళ్లు. ఫోర్కులు రెండే ఉండేవి. ఒకటి ఆయనకి, ఇంకొకటి చూపించడానికి. ఈస్టరుకి ముందు నలభై రోజులూ బీడీ మానేసేవాడు. ఆ నలభై రోజులూ ఆయన ఎంత విసుగ్గా ఉండేవాడంటే, దేవుడు లేచి రావాలని ఆయనకన్నా మా అత్త ఎక్కువ ఎదురుచూసేదని మా అమ్మ నవ్వేది.

ఇంకొక పట్టుదల కూడా ఉండేది ఆయనకి. ప్రతి మట్టల ఆదివారం చర్చినుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా వీధిలోనే నిలబడి, చేతిలో ఈతాకు శిలువ పట్టుకుని, "అత్తా, వచ్చే ఆదివారం పండగ. మీరు రావాల" అనేవాడు. అవ్వ రాగులు చెరుగుతూ ఉండేది. చెరగడం ఆపేది కాదు. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. ఏడేళ్లు అట్లాగే జరిగింది. ఎనిమిదో ఏడు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ముందరి పళ్లు రెండూ ఊడి ఉన్నాయి దానికి. వాళ్ల నాయన నోరు తెరవకముందే అది, "అవ్వా, గుడ్లకు రంగులేస్తాండాము. నీకూ ఒగటి ఉండాది. నువ్వు రాకుంటే దాన్ని ఎవురు తినల్ల?" అనింది. అవ్వ చేట ఆగింది. దాని పళ్ల సందు చూసి ఆమెకి నవ్వొచ్చింది, నవ్వు ఆపుకోబోయి దగ్గొచ్చింది. "వస్తాలే పో. కోడీ గీడీ ముట్టను. రాగిముద్ద చేసి పెడితే తింటా" అనింది. మా మామ ఆ వీధిలో ఎండలో అట్లా నిలబడే ఉన్నాడు. తర్వాత మా నాయన చేయి పట్టుకుని, "బావా, విన్నారు గదా, వస్తాననింది గదా?" అని రెండుసార్లు అడిగి వెళ్లాడు.

ఆ ఆదివారం ఆయనకి డ్యూటీ ఉంది. మామూలు ఏడైతే పొద్దున పనికి దిగి, మధ్యాహ్నం వచ్చి, సాయంత్రం తినేవాళ్లు. ఈసారి అట్లా కుదరదన్నాడు. అత్తగారు వచ్చే వేళకి తాను చొక్కా ఇస్త్రీ చేసుకుని గుమ్మంలో ఉండాలన్నాడు. ఇంకొక దుంగల పనివాడితో మాట్లాడుకుని, అతని శనివారం మధ్యాహ్నం షిఫ్టు తాను తీసుకుని, తన ఆదివారం అతనికిచ్చాడు.

శనివారం పొద్దున నేను అక్కడే ఉన్నాను. తలుపు దించడం ఆ రోజే చూశాను దగ్గరగా. గుడ్లు ఉల్లిపొట్టులో ఉడికించినవి ఇటికరంగు, బీట్‌రూట్ నీళ్లలోవి వంకాయరంగు, పసుపులోవి పసుపు. వంటింట్లో మూడు గిన్నెలు, మూడు వాసనలు. దేవగన్నేరు పూలు నేనూ చిన్నపిల్లా బుట్టెడు ఏరుకొచ్చాం. అత్త తెల్లగుడ్డకి గంజి పెట్టి, లోపల బొగ్గులు వేసిన ఇస్త్రీ పెట్టెతో సాపుచేసి పరిచింది. మామ బల్ల చుట్టూ తిరుగుతూ ప్లేట్లు జరిపేవాడు, మళ్లీ జరిపేవాడు. ఆరు ప్లేట్లు. అవ్వ యాడ కూర్చోవాలి అన్నది ఆయనకి పెద్ద సమస్య అయింది. వాకిలి పక్కన కూర్చోబెడితే గాలి వస్తుంది గాని మర్యాదగా ఉండదు, లోపల కూర్చోబెడితే మర్యాద గాని వంటింటి పొగ. "ఇంగ చాలు లేప్పా, ఆయమ్మ నేల మీద కూర్చునేది" అని అత్త నవ్వింది. "నేల మీద కూర్చుంటే ఈ తలుపు నేనెందుకు దించినాను?" అన్నాడు మామ. ముద్ద ఫోర్కుతో ఎట్లా తింటుందని చిన్నపిల్ల అడిగింది. చేతిగుడ్డలు పిట్టల్లాగా మడవడం నాకు నేర్పించాడు. నేను మడిచిన పిట్టకి తోక రాలేదు. "తోక లేని పిట్ట నీ పక్కన పెట్టుకో" అని, టోపీ తీసుకుని, ఒంటిగంటన్నరకి పనికి వెళ్లాడు. పూలు సాయంత్రానికి వాడిపోతాయని, ఆఖరున తానొచ్చాక పెడతానని నీళ్ల బకెట్లో వేయించి పోయాడు.

అయిదు గంటలప్పుడు ఇల్లు ఒక్కసారి ఊగింది. గనుల్లో పుట్టినవాళ్లకి అది తెలుసు. అంత లోతున రాయి తన బరువుకి తానే నలిగి, ఒక్కోసారి ఫిరంగిలాగా పేలుతుంది. చిన్నవైతే నెలకొకటి వస్తాయి, ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు బల్ల మీది ప్లేట్లు ఒకదానికొకటి తగిలి మోగాయి, గుడ్లు దొర్లి రెండు కింద పడ్డాయి. వీధిలో ఆడవాళ్లందరూ బయటికొచ్చి గనిలోకి దిగే షాఫ్టు వైపు చూస్తూ నిలబడ్డారు.  తర్వాత సైరను మోగింది, ఆగకుండా. అత్త కింద పడిన గుడ్లు రెండూ ఏరి బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. నన్నూ చిన్నపిల్లనీ మా అమ్మ వచ్చి మా ఇంటికి తీసుకుపోయింది.

ఆదివారం పొద్దున చర్చి గంటలు మోగుతున్నప్పుడు మా నాయన వచ్చి అవ్వ ముందు కూర్చున్నాడు. ఆమె అప్పటికే స్నానం చేసి, పండుగకని శనివారం ఉతికి ఆరేసుకున్న చీర కట్టుకుని ఉంది. "అమ్మా, తీసినారు" అన్నాడు. ప్రాణంతోనా అని ఆమె అడగలేదు. లేచి నడిచింది. ఆ ఇంటికి దారి ఆమెకి ఎవరూ చూపించక్కర్లేకపోయింది.

మేము పోయేసరికి శవపేటిక వాకిట్లో ఉంది. చర్చివాళ్లు నలుగురు దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నారు. ఆ గదిలో బల్ల తప్ప చోటు లేదు. ఒకాయన బల్ల మీద చెయ్యి వేశాడు. "ఆగండప్పా" అనింది అత్త. తానే ఒక్కొక్క ప్లేటూ తీసింది. గుడ్ల బుట్ట తీసింది. చేతిగుడ్డల పిట్టలు విప్పకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి నా చేతికిచ్చింది. గుడ్డ మాత్రం ఉంచింది. శవపేటికను దాని మీద పెట్టారు. తలుపు బరువుకి కిర్రుమంది. బకెట్లో పూలు ఎవరో తెచ్చి పెట్టారు. పండుగకి ఏరిన పూలే, చాలకపోలేదు.

అప్పుడు అత్త గడపలో నిలబడిన అవ్వని చూసింది. ఏడవలేదు. గొంతు కూడా పెద్దది చేయలేదు. "వచ్చినావా?" అనింది. "నువ్వు వస్తానంటివనే గదమ్మా ఆయప్ప షిఫ్టు మార్చుకునింది. ఏడేండ్లు రాకపోతివి. ఈ ఒక్కేడు కూడా రాకుండా ఉండింటే బాగుండు." గదిలో అందరూ విన్నారు. మా నాయన "మే, ఊరుకో" అని ముందుకి వచ్చాడు. అవ్వ అతన్ని చేత్తో ఆపింది. గడప దాటి లోపలికి వచ్చి, వంటింటికి అడ్డంగా వేలాడే చీర పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. సాయంత్రం పేటిక లేపేదాకా అక్కడినుంచి కదలలేదు. లేపే ముందర అత్త పేటికని కొంచెం ఎత్తించి, కింద ఉన్న ఆ తెల్లగుడ్డ లాగి మామ మీద కప్పింది.

నేను చేసిన పని ఒకటి చెప్పకపోతే ఇది అబద్ధమవుతుంది. మధ్యాహ్నం చిన్నపిల్ల ఆకలని నా గౌను పట్టుకుని లాగింది. ఇద్దరం గుడ్ల బుట్ట తీసుకుని పెరట్లో కట్టెల చాటుకి పోయాం. పెంకు పగిలిన గుడ్లలోకి రంగు పాకి, లోపల తెల్లసొన మీద వంకాయరంగు గీతలు. ఉప్పు లేకుండా అది రెండు తినింది, నేను మూడు తిన్నాను. లోపల మా అత్త ఏడుపు అప్పుడే మొదలైంది, నాకు వినబడుతూనే ఉంది. అయినా మూడోది తిన్నాను. చాలా బాగుందని కూడా నాకు గుర్తు.

ఆ తర్వాత ఏడాదిపాటు అవ్వ మనిషి కాలేదు. అత్తకి ఆస్పత్రిలో ఊడ్చే పని ఇచ్చారు. కొళాయి దగ్గర ఇప్పుడు అవ్వే అత్త వైపు చూసేది, అత్త కొండల వైపు చూసేది. మళ్లీ ఈస్టరు ముందు శనివారం వచ్చింది. అవ్వ ఒక డబ్బాలో రాగులు పోసి, వాటిలో ఆరు గుడ్లు పగలకుండా గుచ్చి, "నడు మే" అని నన్ను వెంటబెట్టుకుని పోయింది. అత్త బట్టలు ఉతుకుతోంది. మమ్మల్ని చూసి ఆగలేదు. అవ్వ నేరుగా లోపలికి పోయి, ఒక రోకలిబండ పట్టుకుని తలుపు సీలలు కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి వచ్చింది. రెండోది తుప్పు పట్టి ఉంది. అయినా కొడుతూనే ఉంది.

అత్త తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "వదులు. ఎవురి కోసం ఇదంతా?"

"బిడ్డకి."

"నా బిడ్డకి నేనుండా."

"ఉండావులే." అవ్వ రోకలి దించింది. ఆయాసం వస్తోంది ఆమెకి. "ఆ పొద్దు నువ్వనిన మాట ఏడాదినుంచీ అరగదీస్తాండా. నువ్వనింది తప్పు మే. నేను వస్తాననింది తప్పు కాదు. ముందే రాకపోయింది తప్పు. మొదటేడే వచ్చింటే నేనూ పదిమందిలో ఒగదాన్ని. వస్తే వచ్చింది, ముద్ద తినింది, పోయింది అనుకునుండు. ఆయప్ప షిఫ్టు మార్చుకునే పనేముండు? ఏడేండ్లు బిగదీసి, నేనే దాన్ని అంత పెద్ద పండగ చేస్తిని."

 అత్త చేతుల నీళ్లు నేల మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. తర్వాత చేతులు కొంగుకి తుడుచుకుని, రోకలి తీసుకుని, రెండో సీల రెండు దెబ్బల్లో కొట్టేసింది. తలుపుకి ఆ పక్క ఆమె, ఈ పక్క అవ్వ పట్టుకుని పెట్టెల మీదికి దించారు. కావలించుకోలేదు, ఏడవలేదు. పరచడానికి గుడ్డ లేదు. గొళ్లెం పైకే కనబడుతూ ఉండింది. ఆ వట్టి చెక్క మీదనే చిన్నపిల్ల పూలు పెట్టింది, ఎక్కడ పెట్టాలో ఎవరూ దానికి చెప్పలేదు.

మర్నాడు మా ఇంటిల్లిపాదీ అక్కడే తిన్నాం. అవ్వ పీట అంచున బిగుసుకుని కూర్చుని, ప్లేటులో ముద్ద పెట్టుకుని, ఆకుకూర పులుసుతో తినింది. మధ్యలో ఒకసారి చెయ్యి ఆగింది. అత్త చూసి, ఇంకొంచెం పులుసు పోసింది. అంతకుమించి ఏమీ జరగలేదు. ఆ తర్వాత అవ్వ బతికింది నాలుగేళ్లు. నాలుగు ఈస్టర్లూ పోయింది. వాళ్లిద్దరూ మునుపటి తల్లీకూతుళ్లు అయ్యారని చెప్పలేను, ఒకరి ముందర ఒకరు తినగలిగారు, అంతే. అవ్వ పోయిన రోజు అత్త ఆమె పాదాల దగ్గర కూర్చుని, "ఆ మాట అనకుండా ఉండింటే బాగుండు" అని నాతో మెల్లగా అనింది. కొంచెం ఆగి, "అనకుండా ఉండింటే ఆయమ్మ వచ్చిండదేమో" అనింది. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

గని మూతపడి చాలా కాలమైంది. లోపల నీళ్లు నిండిపోయాయంటారు. మామ నిలబెట్టిన దుంగలు ఆ నీళ్లలో ఎక్కడో ఉండే ఉంటాయి. నాకిప్పుడు అవ్వ వయసొచ్చింది. పట్టుదలకి పోయిన ఏళ్లు నావీ కొన్ని ఉన్నాయి, వాటి సంగతి మా వాళ్లకి తెలుసు. ఒక పూట కలిసి తినడానికి ఒక పూట చాలు, దానికి ఒప్పుకోవడానికే మనిషికి ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లు మన చేతిలోనే ఉన్నాయని అనుకుంటూ ఉంటాం, అవి మాత్రం ఎన్నడూ ఎవరి చేతిలోనూ లేవు.